చిన్న స్ప్రాకెట్

అనంతగిరి ఘాట్ దిగి ఆగిన హైబ్రిడ్ రేసు కారులో బ్యాటరీ ముల్లు మూడోసారీ కదల్లేదు. శశిధర్ హెల్మెట్ విసిరికొట్టాడు.

"దిగేటప్పుడు మోటారు కరెంటు పుట్టించాలి కదా! కాలేజీల పోటీ ఎల్లుండే."

"మోటారు నెమ్మదిగా తిరుగుతోంది. దాని చైను పళ్ళచక్రం తీసి, చిన్న స్ప్రాకెట్ వేస్తే..." అంది అతనితో కలిసి కారు తయారుచేసిన భాను.

"టాప్ స్పీడు తగ్గిపోతుంది. నీకెన్నిసార్లు చెప్పాలి?" కసిరాడు.

కారును మళ్ళీ పైకి లాగడానికి తాడు కడుతున్న జీపు డ్రైవర్ గాసి తలెత్తాడు.

"సిన్న స్ప్రాకెట్టే ఏసి సూడు బాబూ. మోటారు బేగి తిరుగుతాది, కరెంటొస్తాది."

శశిధర్ ఆలోచనలో పడ్డాడు. "ఇరవై ఏళ్ళుగా ఈ ఘాట్‌లో బండి నడుపుతున్నారు. సరే, మార్చి చూద్దాం."

భాను స్పానరు అందుకుంది.

ఈసారి కిందికొచ్చేసరికి ముల్లు సగం దాటింది. శశిధర్ పరుగున వెళ్ళి గాసి చెయ్యి పట్టుకున్నాడు. "అనుభవమంటే ఇదీ!"

"మోటార్ల సంగతి నాకేటి తెలుసు బాబూ? పొద్దున్న ఆ పాపే సెప్పింది. తను సెప్తే నువ్వు ఇనవంట. నన్ను సెప్పమంది."

భాను ఇటు చూడకుండా చైను బిగిస్తోంది. శశిధర్ వెళ్ళి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు.

"నేను విననివి ఇంకేమేం చెప్పావు?" అని అడిగాడు.