పదిహేనేళ్లు

"మూలకణాల పరిశోధనకి ప్రభుత్వం ఇవాళే నిధులిచ్చినా, మందు రావడానికి పదిహేనేళ్లు పడుతుందమ్మా," అని కమిటీ గది బయట నిజం చెప్పేసింది డాక్టరమ్మ.

నిధులివ్వమని కమిటీని కోరుతూ తెచ్చిన సంతకాల అర్జీని కిందికి దించి, టైలరమ్మ కూతురి వైపు చూసింది. కండరాలు కరిగిపోతూ చక్రాల కుర్చీలో కూర్చున్న కూతురికి అన్నేళ్లు లేవు.

"నాకు తెలుసమ్మా. డాక్టర్లు మొదట్లోనే నాకు చెప్పారు," అంది కూతురు.

"మరి సంతకాల కోసం రెండేళ్లు ఎండనకా వాననకా నా వెంట ఎందుకు తిరిగావే?"

"సంతకాలు అడిగేటప్పుడు నువ్వు ఏడవవు కదా, అందుకని."

లోపలి నుంచి పిలిచారు. తల్లి కదల్లేదు.

"ఇంకెవరి కోసం అడగనే?"

"ఈపాటికి ఏ ఆసుపత్రిలోనో ఒకమ్మ కొత్తగా ఏడుస్తూ ఉంటుంది. ఆవిడ కోసం."

తల్లి అరచేత్తో కళ్లు తుడుచుకుని కుర్చీని లోపలికి తోసింది. రాసుకొచ్చిన కాగితం మడిచేసి, "నా బిడ్డ కోసం కాదండీ," అని మొదలుపెట్టింది.