పింగాణీ పోగులు

"ఇంకొక్కసారి చెయ్యనివ్వండి సార్," అంది ఆమె.

ప్రొఫెసర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె ప్రయోగాన్ని సరిచూస్తున్న అవతలి ల్యాబ్ వాళ్లు ఎన్నిసార్లు చేసినా ఆమె పంపిన పీచు విషవాయువును రవ్వంత కూడా తగ్గించలేదట. అచ్చయిన పరిశోధన వ్యాసం వెనక్కి తీసుకోమంటున్నారట. ఆమె అంకెలు దిద్దిందని ఎవరూ పైకి అనలేదు. క్యాంటీన్‌లో ఆమె కూర్చుంటే మాత్రం పక్కవాళ్లకి ఉన్నట్టుండి పనులు గుర్తొస్తున్నాయి.

జిగురు ద్రావణాన్ని కరెంటుతో లాగి, కంటికి ఆనని పోగులు తీసి, కొలిమిలో కాల్చి పింగాణీ చేయడంలోనే ఆమె వయసు గడిచిపోయింది. ఆ పీచే ఉత్ప్రేరకం, దాని మీదుగా వెళితే పొగలోని విషం విరిగిపోవాలి. ఇంట్లో ఎవరడిగినా "దూది వడుకుతున్నా" అని నవ్వేది. ఇప్పుడు అమ్మ ఫోన్ చేసినా ఎత్తడం లేదు.

అవతలి ల్యాబ్ పెద్దాయన ఎదుటే ఆఖరి పరీక్ష అన్నారు. ఆయన చెప్పిన వేళకన్నా ముందే వచ్చేశాడు. ప్రొఫెసర్ పిలిస్తే ఆమె చేతిలో పని వదిలి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి, తను అక్కా అని పిలిచే సీనియర్, పీచు ఉంచి విషవాయువు పంపే గొట్టాన్ని కొలిమిలో బిగించేసింది.

పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మీది స్టీలు గొట్టం, మాది గాజుది, అంతకుమించి తేడా ఏమీ లేదే అని గొణిగాడు.

వేడి పెరిగింది. తెరమీద విషవాయువు మోతాదు చూపే గీత కదల్లేదు. ఆమె నేలచూపులు చూస్తూ ఉండిపోయింది. ఇల్లు ఖాళీ చేయడం, అమ్మకి చెప్పడం, ఏది ముందో తేల్చుకోలేకపోయింది.

"చూడమ్మా," అన్నాడు ప్రొఫెసర్.

గీత జారి జారి అడుగంటింది. విషవాయువు ఆనవాలు కూడా లేదు.

పెద్దాయన తెర దగ్గరికి వంగి అంకెలు సరిచూసుకున్నాడు. "ఏమీ అనుకోకమ్మా. తప్పు మా దగ్గరే ఉంది."

ఆమె వరండాలోకి వెళ్లి అమ్మకి ఫోన్ చేసింది. "నేను అబద్ధం చెప్పలేదమ్మా," అని మాత్రం అనగలిగింది.

లోపలికి వచ్చేసరికి మగవాళ్లిద్దరూ టీకి వెళ్లారు. సీనియర్ చల్లారిన గొట్టం విప్పి, దాని లోపలికి చూస్తోంది.

"ఏంటక్కా?"

"పీచు నువ్వు ముందే పెట్టావనుకున్నానే."

"బిగించేశావు కదా, నువ్వే పెట్టావనుకున్నా."

స్టీలు గొట్టం ఖాళీగా ఉంది.