మూడో గది తలుపు

"ఒరేయ్, ఇంకొకడు విషం కక్కాడు చూడు," అంది అక్క, ఫోన్లోంచి తలెత్తకుండా.

"చదవకక్కా."

"'డ్రాగనే లేదట. ఇంక సాహసమెందుకు, షికారు అని పేరు పెట్టుకోండి.' వీడి నోరు పడిపోను!"

'ఉప్పుకోట' అనే కొత్త సాహసం రాబోతోందని ఆటల కంపెనీ ప్రకటించడమే ఆలస్యం, అభిమానులు ఎగబడి తిట్టిపోస్తున్నారు.

బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట అది. ఒకరు పుస్తకం చూసి కథ నడిపిస్తారు. మిగతావాళ్లు వీరులూ మంత్రగాళ్లూ అయి, పాచికలు వేస్తూ ఆ కథలో ముందుకు సాగుతారు.

ఆ పుస్తకం రాసింది అక్క తమ్ముడే. దానికోసం ఉన్న ఉద్యోగం మానేశాడు. ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్నవాడు భూతాల కథలు రాస్తూ కూర్చున్నాడని నాన్న అతనితో మాట్లాడటమే మానేశాడు.

బయట ఇంకా ఎవరి చేతికీ పుస్తకం రాలేదు. అట్ట బొమ్మ, నాలుగు వాక్యాల పరిచయం చూసే ఇంత గోల.

ఆ గోలకు కంపెనీ బెదిరిపోయింది. "ఆటల దుకాణంలో అందరి ముందూ ఒకసారి ఆడించండి. జనానికి నచ్చితే అచ్చు వేద్దాం. లేకపోతే ఇంతటితో సరి," అని కబురు పెట్టింది.

ఆ ఆట ఇవాళే. ఇంకాసేపట్లో. అక్కాతమ్ముళ్లు ముందే వచ్చి దుకాణంలో కూర్చున్నారు.

దుకాణం గుమ్మంలో వానకు తడిసిన నడివయసు ఆవిడ ఒకరు నిలబడ్డారు.

"ఉప్పుకోట రాసింది మీరేనా బాబూ?"

"అవునండీ."

"మూడో గదిలో చాటు తలుపుంది కదా. పాచికలు కలిసిరాకపోతే అది దొరకదు. అప్పుడు ఆడేవాళ్లు ఎటు పోవాలి?"

అతనికి ఒళ్లు మండిపోయింది. ప్రకటన వచ్చినప్పటినుంచీ పేరులేని ఖాతా ఒకటి ఇదే ప్రశ్నతో అతన్ని పీక్కు తింటోంది.

"ఓహో, ఆ మహాతల్లి మీరేనా! పొద్దునే బ్లాక్ చేశాను కదండీ. ఇక్కడిదాకా దాపురించారా?"

"ఒక్క వాక్యం రాసి ఇవ్వండి, చాలు. ఇంకా మించిపోయింది లేదు."

"ఎన్నిసార్లు ఆడించానో నాకు తెలుసు. ఒక్కసారి కూడా ఆట ఆగలేదు."

"ఆడించింది మీరు కాబట్టి..."

"అసలు ఎవరండీ మీరు?"

ఆవిడ ఒకసారి చుట్టూ చూశారు.

"ఎవరినైతే ఏంలే బాబూ. నా మాట వినండి."

అక్క లేచొచ్చింది. "అమ్మా, వాడసలే నలిగిపోయి ఉన్నాడు. మీకో దణ్ణం, ఇంక వెళ్లండి."

ఆవిడ అతని ముఖంలోకి ఒకసారి చూసి, మెట్లు దిగి వెళ్లిపోయారు. అతను తలుపు మూసేశాడు.

ఇలాంటి ఆటలో రాసినవాడు నోరెత్తకూడదు. ఎవరో ఒకరు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చూసి ఆడించాలి. కంపెనీ పంపిన రాతప్రతి పట్టుకుని దుకాణం యజమాని ఆ పనికి కూర్చున్నాడు.

ఆట మొదలైంది. ఆటగాళ్లు కోటలో మొదటి గది దాటారు. రెండో గదికి వచ్చేసరికి, తిట్టినవాళ్లే కుర్చీలు ముందుకు లాక్కుంటున్నారు.

"బాగుంది రోయ్," అని ఎవరో అనడం వినిపించింది. అతనికి ఊపిరాడింది.

మూడో గది. వెనక రాతి తలుపు మూసుకుపోయింది. ముందు అంతా గోడ.

"వెతుకుతాం," అన్నారు ఆటగాళ్లు. పాచికలు వేయడానికి మనిషికి ఒక్క అవకాశం.

మొదటివాడికి పడలేదు. రెండోవాడికి పడలేదు. తక్కినవాళ్లకూ అంతే.

యజమాని పేజీ తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు.

"తలుపు కనబడలేదు. ఆపైన పుస్తకంలో ఏమీ లేదు."

"ఏమీ లేకపోవడమేంటి?"

"లేదంతే."

"అయితే ఇక్కడే కాపురం పెట్టేద్దామా!"

నవ్వులు.

అప్పుడు వెలిగింది అతనికి. తను ఆడించినప్పుడు పాచికలు మొండికేస్తే, 'గోడలోంచి చల్లగాలి వస్తోంది' అని నోటితో అనేసేవాడు. దారి అక్కడ దొరికేది. ఆ మాట ఎప్పుడూ నోట్లోనే ఉండిపోయింది, కాగితం మీదికి ఎక్కనే లేదు.

"గోడలోంచి చల్లగాలి వస్తోంది!" అని అరిచేశాడు.

బల్ల దగ్గరివాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"పుస్తకం కొంటే ఈయన్ని కూడా ఇంటికి పంపిస్తారా ఏంటి?"

దుకాణం గొల్లుమంది. ఒక్కొక్కరే కుర్చీలు వెనక్కి తోసి లేచారు.

అతను వీధిలోకి పరిగెత్తాడు. ఈ చివరా ఆ చివరా చూశాడు. ఆవిడ లేరు.

కాసేపటికి ఫోన్ మోగింది. కంపెనీ ఎడిటర్.

"దుకాణం ఆయన చెప్పగా విన్నానయ్యా. పైవాళ్లు అచ్చు ఆపేయమన్నారు."

"సార్, ఒక్క వాక్యం సార్! ఇప్పటికిప్పుడు రాసిస్తాను. మీ కాళ్లు పట్టుకుంటాను సార్..."

"నా చేతిలో లేదు," అన్నాడు ఎడిటర్. "ఆవిడ నీ దగ్గరికి వచ్చిందటగా?"

"ఆవిడ... మీకు తెలుసా సార్?"

"ప్రతి పుస్తకాన్నీ మా దగ్గర ముందుగా ఆడి చూసేవాళ్లు ఉంటారు. వాళ్లెవరో రాసినవాళ్లకు తెలియకూడదు, మాట్లాడకూడదు. దాటితే ఉద్యోగం పోతుంది. ఆ తలుపు సంగతి ఆవిడ మాకు ముందే చెప్పింది. అచ్చుకు ముందు నీతో దిద్దించొచ్చులే అనుకున్నాం. ఈ గోలలో ఆట ముందుకొచ్చి పడింది."

అతను తడి గోడకు ఆనుకున్నాడు.

"ఇందాకే ఫోన్ చేసి, కట్టుబాటు దాటానని తనే ఒప్పుకుంది. ఆట ఆపించమని బతిమాలింది. అప్పటికే మొదలైపోయింది."

"ఆవిడకి నా పుస్తకం మీద అంత పట్టింపు ఎందుకు సార్?"

"మేమందరం చదివి పక్కన పడేసిన నీ కథను, 'ఇది రావాల్సిందే' అని పట్టుబట్టి ఒప్పించింది ఆవిడొక్కతేనయ్యా."