మార్చని నోట్లు

మూడు దుకాణాలు తిరిగినా చిల్లరాయన డబ్బు మార్చలేదు.

ఒకడు రేటు బాగానే ఇస్తాను గానీ కమీషను కోస్తానన్నాడు. ఇంకొకడు కమీషను లేదంటూనే రేటులో కోశాడు. మూడోవాడు ఈయన బేరం వినలేక లోపలికి వెళ్ళిపోయాడు. భార్య సంచి ఒళ్ళో పెట్టుకుని రోడ్డు పక్క బెంచీ మీద కూలబడింది.

"ఎక్కడో ఒకచోట మార్చేయండి. నా వల్ల కావట్లేదు."

"నువ్వు కూర్చో. ఆ మలుపులో ఇంకోటుంది, చూసొస్తాను."

సర్వీసంతా బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ప్రయాణికుడికి చిల్లర తిరిగివ్వాలంటే ప్రాణం గిలగిల్లాడేది. ఆయన రిటైరయ్యాడు గానీ, చుట్టాలు పెట్టిన 'చిల్లరాయన' పేరు రిటైరవలేదు.

అయితే ఈసారి ఆ పిసినారితనాన్ని తప్పుపట్టడానికి లేదు. ఆవిడ కడుపులో గడ్డ ఉంది. దాన్ని తీయగల పెద్ద డాక్టరు ఈ పరాయి దేశంలో ఉన్నాడని తెలిసి, ఉన్న ఒక్క స్థలం అమ్మి తీసుకొచ్చాడు.

వచ్చిన రోజే ఆసుపత్రికి వెళ్ళారు. ఆవిడ పరీక్షల గదిలో ఉండగా ఆయన డాక్టరును కలిశాడు. భాష తెలిసిన అమ్మాయి ఒకతె వెంట ఉండి మాటలు విడమరిచి చెప్పింది. ఆవిడ బయటికి రాగానే ఆయన ఎదురొచ్చాడు.

"ఒంట్లో బలం లేదటే నీకు. ఈ వారం మందులు వాడి, ఇంటికెళ్ళి బాగా తిని, ఆర్నెల్లకు రమ్మన్నారు. అప్పుడు చేస్తారట."

"మళ్ళీ రావాలా? డబ్బో?"

"మిగుల్చుదాం. ఆ అమ్మాయి తన ఫీజు కూడా వద్దని వెళ్ళిపోయింది. చూశావా, బోణీ ఎంత బాగుందో!"

ఆ మర్నాటి నుంచి ఆయన విశ్వరూపం చూపించాడు. టాక్సీలు బంద్. వారానికి సరిపడా బస్సు పాసు కొన్నాడు. కార్డు మిషను 'మీ దేశం డబ్బులో కడతారా' అని అడిగితే, అందులోనూ రేటు కోసే మెలిక ఉందని, వద్దని నొక్కేవాడు. దుకాణం మూసేవేళ సగం ధరకిచ్చే రొట్టె కోసం గుమ్మం దగ్గర కాపు కాసేవాడు. తాగే నీళ్ళు ఆసుపత్రి నుంచే పట్టుకొచ్చేవాడు. బట్టల మధ్య చుట్టి తెచ్చిన చిన్న కుక్కర్లో వండుతూ, గది అద్దెకిచ్చిన ఇంటావిడకు వాసన తగలకుండా తువ్వాలుతో విసిరేవాడు. భార్యకు ఒక్కోసారి నవ్వొచ్చేది, ఒక్కోసారి ఒళ్ళు మండేది.

గది కిటికీలోంచి నది కనిపించేది. దాని మీద జనంతో వెళ్ళే పడవలు.

"ఒక్కసారి ఎక్కుదామండీ. టిక్కెట్టు ఎంతో కనుక్కోండి."

"కనుక్కున్నాను. రెండు రోజుల తిండి పోతుంది. ఆపరేషన్ అయ్యాక ఎక్కుదువుగాని."

ఆవిడకు ఏడుపొచ్చింది. "నేను చచ్చేలోగా ఒక్క సరదా తీర్చరు కదా!"

ఆయన గిన్నె కడిగొస్తానని లేచి వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. కుళాయి ధారగా పోతూనే ఉంది.

"ఏమండీ, నీళ్ళు ఊరికే వస్తున్నాయా?" అని చివరికి ఆవిడే కేకేసింది.

తిరుగు ప్రయాణం రోజు ఆయన జేబు ఉబ్బెత్తుగా ఉంది. విమానాశ్రయంలో డబ్బు మార్చే కౌంటరు కనబడగానే ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"మిగిలినవి మార్చేయండి. ఇంటికి పోయాక ఈ నోట్లు ఎవడికి కావాలి?"

"పిచ్చిదానా! ఇక్కడ మారిస్తే ఒక నష్టం. మళ్ళీ వచ్చేటప్పుడు కొంటే ఇంకో నష్టం. ఆర్నెల్లలో రాబోతున్నాం కదా, ఉండనీ."

వారం రోజులుగా ఆవిడను లోలోపల ఒక అనుమానం తొలిచేస్తోంది. ఆ మాటతో అది వదిలింది. కట్టుకున్నప్పటి నుంచి చూస్తోంది, పైసా దండగ చేయడం ఆయన ఒంట్లోనే లేదు. మళ్ళీ రామని తెలిస్తే ఒక్క నోటు కూడా మార్చకుండా వదిలే మనిషి కాదు.

"నాకు బతకాలనుందండీ," అంది, మొదటిసారి పైకి.

"బతక్కేం? ముందు బాగా తిను," అంటూ ఆయన ఆ నోట్లన్నీ రుమాలులో మూటకట్టి ఆవిడ సంచిలోనే భద్రంగా పెట్టాడు.

ఆపరేషన్ చేసే దశ ఎప్పుడో దాటిపోయిందని, ఇక ఆవిడను ఇంత దూరం తీసుకురావద్దని డాక్టరు మొదటి రోజే ఆయనతో చెప్పేశాడు.