చెరి సగం

"నడిమికి కొయ్యన్నా," అంది అరుణ.

ఆ దిల్‌సుఖ్‌నగర్ షాపులో మిగిలిన ఐసెట్ గైడ్ అదొక్కటే. పరీక్ష రాసేది మాత్రం వదినా ఆడబిడ్డలిద్దరూ. "మంచి ర్యాంకు ఎవరికొస్తే వాళ్లనొక్కల్నే ఎంబీఏ చదివిస్త" అని అరుణ మామగారు రామచంద్రం ఇంట్లో ప్రకటించేశాడు.

షాపాయన గొణుక్కుంటూనే కత్తి తీసి గైడును రెండు ముక్కలు చేశాడు. లెక్కల ముక్కను అరుణ లాక్కుంది. ఇంగ్లీషు ముక్కను స్పందన చంకలో పెట్టుకుంది.

"వదినా, నువ్వు మ్యాథ్స్‌ల డిగ్రీ చేసినవ్ గద. మల్ల లెక్కలు నీకెందుకు?"

"నీకు దొరకొద్దని."

స్పందన నోరెళ్లబెట్టింది.

"కాన్వెంటుల చదివినదానివి, నీకు ఇంగ్లీషెందుకు మరి?" అంది అరుణ.

స్పందన ముక్కను ఇంకాస్త బిగించి పట్టుకుంది. "నీకు దొరకొద్దనే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు స్పందనకే నవ్వొచ్చింది.

"గిట్లయితే ఇద్దరం ఫెయిలైతం వదినా."

"ఇద్దరం ఫెయిలైతే ఎవరికి ఫాయిదా?"

స్పందన నవ్వు ఆగిపోయింది. "మా నాయినకు. ఒక్కల్ని గూడ చదివించే పనుండదు."

"మామయ్య మనకంటె ముందే ఎంబీఏ చేసిండు పో!"

స్పందన చేతిలోని ముక్కను కూడా తీసుకుని, అరుణ రెండింటినీ కలిపి కౌంటర్ మీదికి తోసింది. "అన్నా, అతికియ్యి."

"ఇప్పుడే గదమ్మా కోయిస్తిరి!"

"జిగురు జర గట్టిగ పెట్టన్నా," అంది స్పందన. "ఇంటికి పోయినంక మా నాయిన గుంజి చూస్తడు."