సలాం ఎవరికి?

"ఆఖర్న ఆ పాటగాడు కొట్టే సలాం మనకేరా, అభిమానులకి!" అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్ సుధాకర్, తన ఫిలింనగర్ గదిలో రాక్ కచేరీ వీడియో క్యాసెట్‌ను వెనక్కి తిప్పుతూ.

"పైకి చూస్తూ కొట్టాడుగా? దేవుడికే!" అన్నాడు అతని స్నేహితుడు ప్రసాద్.

ఫ్యూజు వేసి వెళ్లబోతున్న యాభై ఏళ్ల లైట్‌బాయ్ పోచయ్య ఇక ఆగలేకపోయాడు. "గాయిన గంటసేపు కోతిలెక్క దుంకిండు. ఒక్కసారన్న చీకట్ల పడ్డడా సార్? పైన లైటు తిప్పినోనికి గా సలాం!"

మళ్లీ వేసి చూశారు. తెల్లని వెలుగు పాటగాణ్ణి ఒక్క క్షణం వదల్లేదు. చివర్లో అతను సరిగ్గా ఆ లైటు వైపే చూసి చెయ్యెత్తాడు.

పోచయ్య తలగుడ్డ తీసి, టీవీకి ఎదురు సలాం కొట్టాడు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో అందిన మొదటి సలాం. బదులివ్వకపోతే మర్యాదగా ఉంటుందా?