చుక్క మూతికి చిక్కం

శార్వరి సంవత్సరం, వానలు వెనకబట్టిన రోజుల్లో నోట చొంగ కారించే గాలికుంటు రోగం అడవి మందల్లోకి దిగింది. పక్కమందలో దూడల అరుపులు ఆగిపోయిన రోజు కపిలావు గిజిగాడి కాళ్ళావేళ్ళా పడి, తన ఒక్కగానొక్క దూడ చుక్క మూతికి సన్నగడ్డి చిక్కం అల్లించి కట్టింది.

"పసిదానికి ఊపిరాడొద్దటే?" అంటూ గేదె చుక్క మీదికి వంగింది.

"ఆడుతుంది అత్తా, నా మూతికి పెట్టి చూశాకే కట్టాను."

"దూడలకి రోగమేంటి? మా కాలంలో ఎరుగుదుమా?" అంటూ ముసలెద్దూ మూతి చాపాడు. అతని నోట పొద్దుటి నుంచీ చొంగ కారుతోంది.

"అంటుకున్నాక ఏడిస్తే వస్తుందా మావా?"

ముగ్గురూ చుక్క మొహం మీదే రొప్పుతూ పొద్దుగూకేదాకా వాదించుకున్నారు. చుక్క చెవులు వాల్చుకుని తల్లి కాళ్ళ మధ్య నక్కింది.

"మీకూ మూడు అల్లనా?" అని గిజిగాడు కొమ్మ మీంచి అడిగాడు.

"పోరా, మేమేం పసివాళ్ళమా!" అని ఎద్దు నవ్వాడు.

"నాకేమైతేనేం నాయనా, దానికి రాకుంటే చాలు" అంది కపిల, భయంతో చుక్క మొహానికి మొహం ఆనించి.

ఆ వారం నలుగురికీ రోగం వచ్చింది. పెద్దవాళ్ళు ముగ్గురూ లేచి తిరిగారు. చుక్క, మూతికి చిక్కం ఉండగానే రోగంతో చచ్చిపోయింది.